ధ్యానం చేయనివాళ్ళకి నిర్వాణం లేదా?

బౌద్ధం గురించి ఏదైనా రాసినప్పుడల్లా వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. "టెన్ డే కోర్సు చేశారా?" అంటే పది రోజులు మౌనంగా కూర్చునే విపశ్యన ధ్యాన శిబిరం. చేశానంటే, అయితే సరే అన్నట్టు ఒక నమస్కారం బొమ్మ పెడతారు. చేయలేదంటే, ముందు అది చేసి తర్వాత రాయండి అని సలహా ఇస్తారు. చేశానండీ, దాని సంగతి కిందికి వెళ్ళాక చెప్తాను. కానీ ఆ ప్రశ్న వెనకాల ఒక నమ్మకం ఉంది చూశారా, దానితోనే నాకు పేచీ. బుద్ధుడి దారి అంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం, అది కూడా ఫలానా పద్ధతిలో కూర్చోవడం, ఇక దానం, శీలం, చదువు, చర్చ, భక్తి, ఇవన్నీ పక్క వాయిద్యాలు అని ఎప్పుడో ఫిక్స్ అయిపోయాం. మామూలు గృహస్థులు ఇలా బారులు తీరి ధ్యానానికి కూర్చోవడమనేది గట్టిగా లెక్కేస్తే ఓ నూట పాతికేళ్ళ ముచ్చట. ఆ ముందు రెండు వేల ఏళ్ళకి పైగా జనం ఏం చేశారు మరి? వాళ్ళందరూ దారి తప్పినవాళ్ళేనా?

పాత పాళీ సుత్తాలతో, అంటే బుద్ధుడివీ ఆయన శిష్యులవీ ప్రసంగాలతో మొదలుపెడతాను, ఎందుకంటే "అసలు బుద్ధుడు ఏం చెప్పాడంటే" అనేవాళ్ళందరూ చివరికి అక్కడికే వస్తారు. ఆ సుత్తాల సంపుటాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో, బుద్ధుడి శిష్యుడు ఆనందుడు చెప్పిన ఒక చిన్న ప్రసంగం ఉంది. కోశాంబిలో ఘోషితారామంలో ఉండగా తోటి భిక్షువులతో అంటాడు: ఏ భిక్షువైనా భిక్షుణి అయినా నా ముందుకొచ్చి నేను అర్హత్వం (పూర్తి విముక్తి) పొందాను అని చెప్తే, వాళ్ళు వచ్చింది ఈ నాలుగు దారుల్లో ఏదో ఒకదాని మీదుగానే అయి ఉంటుంది అని. మొదటి దారిలో ముందు శమథం, ఆ వెనక విపశ్యన. అంటే ముందు మనసుని ఒకచోట నిలబెట్టి, అది కుదిరాక, ఏదీ నిలవదు, ఏదీ నాది కాదు అని చూడటం. రెండోది తిరగేసి, ముందు విపశ్యన, తర్వాత శమథం. మూడోదానిలో రెండూ జోడెడ్లలా కలిసి నడుస్తాయి. నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టం. ధమ్మం గురించిన అలజడితో మనసు అల్లకల్లోలంగా ఉంటుంది, ఏమీ కుదరదు, ఆ తర్వాత ఎప్పుడో ఒక సమయాన అది లోపలే సర్దుకుని కుదుటపడుతుంది, దారి అప్పుడు తెరుచుకుంటుంది. తర్వాతి వ్యాఖ్యాతలు ఈ అలజడికి వేరే వివరణ ఇచ్చారు. ధ్యానంలో వెలుగులు కనిపించడం, ఒళ్ళంతా ఆనందం పొంగడం లాంటివి జరిగినప్పుడు "ఇదే, వచ్చేసింది" అనుకుని తడబడటం అన్నారు. అయి ఉండొచ్చు. నాకు మాత్రం ఆ నాలుగో మాట చదివినప్పుడు, ఏళ్ళ తరబడి ప్రశ్నలతో సతమతమయ్యేవాళ్ళకి కూడా జాబితాలో ఒక చోటు ఉంచారే అనిపించింది.

గమనించండి, ఇందులో ఏది గొప్పది ఏది తక్కువది అని ఆనందుడు ఒక్క ముక్క అనలేదు. గొడవంతా తర్వాత వచ్చింది. ఇప్పటికీ ఉంది. బర్మానే తీసుకోండి. మౌల్మేన్ దగ్గరున్న పా-ఆక్ అడవి మఠంలోకి వెళ్తే ముందు శ్వాస మీద మనసు నిలిపి గాఢమైన ధ్యాన స్థితులు సాధించు, విపశ్యన సంగతి ఆ తర్వాత చూద్దాం అంటారు. అదే దేశంలో మహాసి సయాడో అనే భిక్షువు 1949 నుంచి రంగూన్‌లో నేర్పిన పద్ధతిలో అంతదాకా ఆగనక్కర్లేదు, ఊపిరితో పొట్ట ఎగసిపడటాన్ని గమనిస్తూ, వచ్చినదాన్ని వచ్చినట్టు మనసులో పేరు పెట్టి గుర్తిస్తూ నేరుగా విపశ్యనలోకి దిగొచ్చు. పక్కనున్న థాయిలాండ్‌లో అజాన్ చా అనే గురువు అసలు ఈ రెంటినీ విడదీయడమే కుదరదు అనేవారు. ఆనందుడి మొదటి మూడు దారులూ ఇరుగుపొరుగు దేశాల్లో మూడు మఠాలుగా కూర్చున్నాయన్నమాట. ప్రతివాళ్ళ దగ్గరా సుత్తాల ఆధారాలున్నాయి. ప్రతివాళ్ళ శిష్యుల్లోనూ పక్కవాళ్ళది కాస్త తేలిక సరుకు అనుకునేవాళ్ళున్నారు.

ఈ జబ్బు కొత్తదేం కాదు. అదే అంగుత్తర నికాయంలో మహాచుందుడు అనే భిక్షువు చేది దేశంలో సహజాతి అనే ఊళ్ళో చేసిన ప్రసంగం చదవండి, ఇవాళ్టి ఫేస్‌బుక్ గ్రూపుల గురించి రాసినట్టే ఉంటుంది. అక్కడ రెండు వర్గాలు, ధ్యానం చేసేవాళ్ళు ఒకరు, ధర్మాన్ని చదివి చర్చించేవాళ్ళు ఇంకొకరు. చదువుకున్నవాళ్ళు ధ్యానం చేసేవాళ్ళని వెక్కిరిస్తారు, వీళ్ళు కూర్చుని ఏం ధ్యానిస్తున్నారు, ఎందుకు ధ్యానిస్తున్నారు అని. ధ్యానులు తిరిగి వీళ్ళని అంటారు, ధర్మం ధర్మం అని ఎగిరిపడటమే తప్ప వీళ్ళు చంచలులు, వదరుబోతులు అని. చుందుడు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇలా అయితే మీ ఇద్దరికీ సంతోషం లేదు, లోకానికీ మేలు లేదు, ఒకరినొకరు మెచ్చుకోవడం నేర్చుకోండి అంటాడు. అమృత పదాన్ని, అంటే నిర్వాణాన్ని, శరీరంతో తాకి ఉండేవాళ్ళు లోకంలో అరుదు, లోతైన అర్థాన్ని ప్రజ్ఞతో ఛేదించి చూసేవాళ్ళూ అంతే అరుదు, ఇదీ ఆయన చెప్పిన కారణం. రెండువైపులా అరుదే, గుర్తుంచుకోవాల్సిన మాట.

అయితే చదువుతోనే పని జరిగిపోతుందా అంటే దానికీ సంయుత్త నికాయం అనే ఇంకో సంపుటంలో ఒక చురక ఉంది. నారదుడు అనే భిక్షువుని (మన తంబురా నారదుడు కాదు) అడుగుతారు, భవనిరోధమే (మళ్ళీ మళ్ళీ పుట్టడం ఆగిపోవడమే) నిర్వాణం అని నువ్వు స్వయంగా చూశావా అని. చూశాను అంటాడు. అయితే నువ్వు అర్హతుడివే కదా? కాదు అంటాడు. దాహంతో అలసిపోయి వచ్చినవాడికి ఎడారి దారిలో బావి కనిపించింది, తాడూ లేదు చేదా లేదు, లోపల నీళ్ళున్నాయని తెలుసు, కళ్ళారా చూస్తున్నాడు, ఒంటికి మాత్రం తగల్లేదు, నా పరిస్థితి అదీ అంటాడు. ఇంత నిజాయితీగా తన స్థాయి చెప్పుకున్న మాట ఇంకోటి నేను చదవలేదు. పుస్తకాలు ఎక్కువ చదివే నాలాంటివాళ్ళు దీన్ని నెలకోసారైనా చదువుకోవాలి.

ఇక మనుషుల కథల్లోకి వస్తే ఒకరి దారి ఇంకొకరికి పోలిక ఉండదు. చూళపంథకుడు రాజగృహంలో మందబుద్ధి అనిపించుకున్న కుర్రాడు. నాలుగు నెలలు కష్టపడినా ఒక్క గాథ నోటికి రాలేదు. సంఘంలోనే ఉన్న సొంత అన్న విసుగొచ్చి నువ్వు పనికిరావు ఇంటికి పో అన్నాడు. ధమ్మపద వ్యాఖ్యానం చెప్పే కథ ప్రకారం బుద్ధుడు అతనికి పుస్తకమూ మంత్రమూ ఏదీ ఇవ్వలేదు, ఒక తెల్లటి గుడ్డముక్క ఇచ్చి, ఎండకి ఎదురుగా కూర్చుని దీన్ని చేత్తో రుద్దుతూ "మలినం పోతోంది, మలినం పోతోంది" అనుకుంటూ ఉండు అన్నాడు. రుద్దగా రుద్దగా గుడ్డ మాసింది. ఇంత తెల్లగా ఉన్నది నా చేతి వల్ల ఇలా అయిందే, ఏదీ ఉన్నట్టు ఉండదే అని అతనికి తట్టింది. అక్కడినుంచి పని అయిపోయింది. ఇటుపక్క సొపారా రేవు నుంచి వచ్చిన బాహియుడు ఉన్నాడు. శ్రావస్తి వీధుల్లో భిక్షకి వెళ్తున్న బుద్ధుణ్ణి నడిరోడ్డు మీద ఆపి, ఇప్పుడే చెప్పండి అని పట్టుబట్టాడు. ఇది సమయం కాదని రెండుసార్లు అన్నాడు బుద్ధుడు. మూడోసారి అడిగితే చెప్పాడు, చూసినదానిలో చూసినదే ఉండనీ, విన్నదానిలో విన్నదే ఉండనీ, తలచినదానిలో తలచినదే ఉండనీ, తెలిసినదానిలో తెలిసినదే ఉండనీ అని. నాలుగు వాక్యాలు, అంతే, అతనికి విముక్తి. కాసేపటికే దూడతో ఉన్న ఆవు పొడిచి చచ్చిపోయాడు కూడా. బుద్ధుడు తన శిష్యుల్లో అందరికంటే త్వరగా తెలుసుకున్నవాడు అని అతన్నే చెప్పాడు.

ఇరవై అయిదేళ్ళు బుద్ధుడి వెంటే తిరిగి, విన్న ప్రతి మాటా గుర్తుంచుకున్న ఆనందుడి కథ ఇంకా విచిత్రం. గురువు పోయాక రాజగృహంలో మొదటి సంగీతి (భిక్షువుల మహాసభ), అక్కడ కూర్చునేవాళ్ళంతా అర్హతులు, ఈయన ఒక్కడే కాదు. రాత్రంతా తెగ ప్రయత్నించాడు. తెల్లవారుజామున ఇక చాల్లే పడుకుందామని ఒరిగాడు, తల దిండుని తాకలేదు, కాళ్ళు నేల వదిలాయి, ఆ మధ్యలో జరిగింది. ప్రయత్నం చేసినన్నాళ్ళూ రానిది ప్రయత్నం వదిలిన క్షణంలో వచ్చింది అని చాలామంది దీన్ని తేలిగ్గా కోట్ చేస్తారు కానీ, ఆ పాతికేళ్ళూ ఆ రాత్రీ లేకుండా ఆ క్షణం లేదు కదా. పటాచార అనే భిక్షుణి సంగతి థేరీగాథల్లో (తొలి భిక్షుణుల పద్యాల్లో) ఆవిడ మాటల్లోనే ఉంది. కాళ్ళు కడుక్కుంటూ నీళ్ళు పల్లానికి పారడం చూసింది, మనసు కుదిరింది, దీపం తీసుకుని గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది, సూదితో వత్తి లోపలికి లాగింది, దీపం ఆరింది, దానితో పాటు ఆవిడ మనసూ విడుదలైంది. ఇంటిపనిలో రోజూ చేసే నాలుగు కదలికలు ఇవి.

సంప్రదాయానికి ఈ తేడాలు తెలుసు, అందుకే లెక్క కూడా కట్టింది. కొందరి సాధన కష్టంగా సాగుతుంది, కొందరిది హాయిగా. కొందరికి తెలివిడి ఆలస్యంగా కలుగుతుంది, కొందరికి చప్పున. ఈ రెంటినీ కలిపితే నాలుగు రకాలు. మొగ్గల్లానుడు తనది కష్టమైన సాధన, వేగమైన తెలివిడి అంటాడు. సారిపుత్రుడు తనది హాయైన సాధన, వేగమైన తెలివిడి అంటాడు. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు, ఒకే గురువు, ఇద్దరూ ప్రధాన శిష్యులు. అయినా ఒకటే రకం కాదు. మనం మాత్రం యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన అనుభవం మనకి నలభై నిమిషాల్లో రాకపోతే టెన్షన్ పడిపోతాం.

వేగం అనగానే మన ఆంధ్ర భిక్షువులు గుర్తొస్తారు. పాళీ అభిధమ్మ పిటకంలో, అంటే బోధని విశ్లేషించే గ్రంథాల్లో, కథావత్థు అని ఒకటి ఉంది, మొత్తం వాదప్రతివాదాలే. ఎవరు ఏ వాదం చేశారో మూలంలో ఉండదు, క్రీ.శ. 5వ శతాబ్దంలో శ్రీలంకలో రాసిన వ్యాఖ్యానం చెప్తుంది. అందులో మాటిమాటికీ వచ్చే పేరు "అంధకులు", అంటే మన కృష్ణాతీరంలో ఉన్న పుబ్బసేలియ, అపరసేలియ, రాజగిరిక, సిద్ధత్థిక శాఖలవాళ్ళు. వాళ్ళ మీద ఉన్న ఆరోపణల్లో ఒకటి, సత్యం ముక్కలు ముక్కలుగా, మెట్టు మెట్టుగా తెలుస్తుంది అని నమ్మడం. దుఃఖాన్ని చూసినప్పుడు కొన్ని బంధాలు కొంతమేర తెగుతాయి, దుఃఖానికి మూలాన్ని చూసినప్పుడు ఇంకొంత, అలా. శ్రీలంకలోని మహావిహారం అనే మఠం వాళ్ళకి ఇది ఒప్పుకోలు కాదు, నాలుగు సత్యాలూ ఒక్కసారే తెలియాలి, పావు వంతు సోతాపన్నుడు (విముక్తి దారిలో తొలి మెట్టు ఎక్కినవాడు) అని ఎవడైనా ఉంటాడా అని ఎద్దేవా చేస్తారు. ఇదే గొడవ శతాబ్దాల తర్వాత చైనాలో హుయినెంగ్ (638–713) అనే జెన్ గురువు పేరు మీద జరిగింది, మెల్లగా అద్దం తుడవడమా, తుడవడానికి అసలు అద్దమే లేదని ఒక్కసారి గ్రహించడమా అని. 8వ శతాబ్దం చివర టిబెట్‌లో రాజు సమక్షంలో మన దేశం నుంచి వెళ్ళిన కమలశీలుడు మెట్టు మెట్టు అన్నాడు, చైనా గురువు మొహెయన్ ఒక్కసారే అన్నాడు. టిబెట్ గ్రంథాలు కమలశీలుడు గెలిచాడంటాయి, డున్‌హువాంగ్ గుహల్లో దొరికిన చైనా రాతలు మొహెయన్ గెలిచాడంటాయి. ఓడిపోయామని రాసుకునే అలవాటు ఎవరికీ లేదు కాబట్టి దీన్ని ఇక్కడ వదిలేస్తాను.

సరే, మరి ధ్యానమే దారి అనే ఊపు ఎక్కడినుంచి వచ్చింది? 1885లో బ్రిటిష్‌వాళ్ళు మాండలే పట్టుకుని థీబా రాజుని మన రత్నగిరికి పంపేశారు. బర్మాలో సంఘానికి అండ రాజు, ఆ రాజే లేడు. ఇక శాసనం, అంటే బుద్ధుడి బోధ, ఎంతోకాలం నిలవదేమో అని అక్కడి భిక్షువులకి నిజంగా భయం పట్టుకుంది. లెడి సయాడో (1846–1923) అనే మహా పండితుడు, రాజు కాపాడకపోతే జనం కాపాడాలి అన్నట్టు ఊరూరా తిరిగి రైతులకీ వర్తకులకీ అభిధర్మం చెప్పాడు, ధ్యానం కూడా నేర్పాడు. అంతకుముందు అభిధర్మం మఠాల్లో చదువు, ధ్యానం అడవుల్లో కొద్దిమంది పని. ఆయన దగ్గర నేర్చుకున్న సయా థెట్‌జీ పొలం చేసుకునే మనిషి. ఆయన శిష్యుడు ఊ బా ఖిన్ 1948లో స్వతంత్ర బర్మాకి మొదటి అకౌంటెంట్ జనరల్, ఆఫీసులో ఉద్యోగులకి కూడా ధ్యానం నేర్పిన మనిషి. ఆయన శిష్యుడు మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి గోయెంకా, మైగ్రేన్ తగ్గుతుందేమో అని వెళ్ళినవాడు, 1969లో భారతదేశం వచ్చాడు, 1976లో ఇగత్‌పురిలో కేంద్రం తెరుచుకుంది. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలోనూ, నాగార్జునసాగర్ దగ్గరా, ఏలూరు దగ్గర విజయరాయిలోనూ ఉన్నాయి. రైతు, ప్రభుత్వోద్యోగి, వ్యాపారి, ఇలా గృహస్థుల చేతుల మీదుగా గృహస్థుల కోసం తయారైన పద్ధతి కాబట్టే మనకి ఇంత బాగా అమరింది. అందుకే సెలవు పెట్టి చేసేలా పది రోజుల్లో ఒదిగింది.

ఇక నా కోర్సు సంగతి. నాలుగింటికి గంట, నాలుగున్నరకి హాల్లో ఉండాలి, మాటల్లేవు, ఫోన్ లేదు, పుస్తకం పెన్ను లేదు, సాయంత్రం కొత్తవాళ్ళకి టీ, మరమరాలో పండో, అంతే. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాస తప్ప ఇంకోటి లేదు. నాలుగో రోజు నుంచి తల నుంచి కాలి దాకా ఒంట్లో సంవేదనల్ని గమనించడం, రోజుకి మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చోవడం. మోకాళ్ళు, నడుము, ఇవి రెండే నాకు అప్పుడు ప్రపంచం. ఆ నొప్పి ఒకేచోట ముద్దలా ఉందనుకున్నది, చూస్తూ ఉంటే చెదిరి, కదిలి, మారి, ఒకోసారి మాయమై మళ్ళీ రావడం నిజంగా చూశాను. పుస్తకంలో అనిత్యం అని వందసార్లు చదివినదానికీ దీనికీ తేడా ఉంది, ఒప్పుకుంటాను, నారదుడి బావి గుర్తొచ్చింది అక్కడే. డబ్బు అడగలేదు, పాత విద్యార్థులు ఇచ్చిన దానంతోనే నడుస్తుంది. ఎవరైనా వెళ్తానంటే వెళ్ళమనే చెప్తాను. మానసిక సమస్యలకి మందులు వాడుతున్నవాళ్ళు మాత్రం డాక్టర్‌తో మాట్లాడాలి, అప్లికేషన్‌లో అడిగినప్పుడు దాచకుండా రాయాలి, ఇది చాదస్తం కాదు, పది రోజుల మౌనం కొందరిని గట్టిగా కుదిపేస్తుంది.

నాకు నచ్చనిది ఒక్కటే, బుద్ధుడు నేర్పిన అసలు పద్ధతి ఇదే, మిగతావన్నీ తర్వాత చేరిన కల్తీ అనే మాట. అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఆ నమ్మకంతోనే బయటికొస్తారు. అదే నమ్మకంతో మహాసివాళ్ళూ వస్తారు, పా-ఆక్‌వాళ్ళూ వస్తారు. అందరూ చూపించేది ఒకే సతిపట్ఠాన సుత్తం. అందులో నడకా, నిలబడటం, తినడం, బట్ట కట్టుకోవడం, శ్మశానంలో శవాన్ని చూడటం దాకా ఉన్నాయి. ఎవరికి కావలసిన భాగం వాళ్ళు పెద్దది చేసుకున్నారు.

మన ఊళ్ళల్లో అంబేడ్కర్ భవనాల దగ్గర బుద్ధ పూర్ణిమకి త్రిశరణం, పంచశీల చెప్పుకునే మనుషులని ఈ కోర్సు మాటలు మాట్లాడేవాళ్ళు లెక్కలోకి తీసుకోరు, నాకు బాధ కలిగించేది ఇదే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గం ఉంది, పారమితలు (దానం, ఓర్పు లాంటి గుణాల సాధన) ఉన్నాయి, కరుణ ఉంది, దొంగతనం అబద్ధం తాగుడు వద్దని ఉంది, మనుషులంతా సమానమని ఉంది. ధ్యానం అని విడిగా ఎక్కడా లేదు. ఆయన పోయాక 1957లో వచ్చిన ఆయన పుస్తకం 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో నాలుగు సత్యాలు బుద్ధుడి అసలు బోధేనా అని కూడా అడుగుతారు, దుఃఖమే మొదలూ చివరా అయితే మనిషికి ఆశ ఎక్కడ అని. నిర్వాణం అంటే ఆయనకి సరైన దారిలో నడవగలిగేంత మేర కోరికల మీద అదుపు, ఈ బతుకులోనే, ఈ మనుషుల మధ్యే. పాళీ గ్రంథాలనే ప్రమాణంగా తీసుకునే థేరవాద పండితుడికి ఇది మింగుడుపడదు, నిజమే. చాలా సుత్తాలతో పొసగదు కూడా. కానీ అంటరానితనాన్ని పుట్టుకతో మోసినవాడికి, నీ దుఃఖానికి కారణం నీ తృష్ణే, కళ్ళు మూసుకుని గమనించు అని చెప్పడంలో ఉన్న అన్యాయం ఆయనకి కనిపించింది. దాన్ని చూసి దారి మార్చినవాడిని బయటివాడనడానికి నాకు నోరు రాదు.

జపాన్‌లో ఇంకో చివరకి వెళ్ళినవాళ్ళున్నారు. షిన్‌రాన్ (1173–1263) తొమ్మిదో ఏట మఠంలో చేరాడు, హియేయ్ కొండ మీద ఇరవై ఏళ్ళు సాధన చేశాడు, చివరికి నా వల్ల కాదు అని దిగి వచ్చాడు. నా మనసు ఎంత తోమినా శుభ్రపడేది కాదు, నా ధ్యానంలో కూడా నా అహంకారమే ఉంది అని తేల్చుకున్నాడు. హోనెన్ అనే గురువు దగ్గర అమితాభ బుద్ధుడి నామం పట్టుకున్నాడు. 1207లో ప్రభుత్వం ఇద్దర్నీ చెరోచోటికి పంపేసింది. షిన్‌రాన్ పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, నేను భిక్షువునీ కాదు గృహస్థునీ కాదు అన్నాడు. మంచివాడికే ముక్తి దొరికితే చెడ్డవాడికి ఇంకెంత సులువుగా దొరకాలి అన్నది ఆయన మాట, తన బలాన్ని నమ్ముకోలేనివాడే పూర్తిగా అమితాభుడి మీద వాలతాడు కాబట్టి. మన వైష్ణవుల్లో మర్కటకిశోరం, మార్జాలకిశోరం అని రెండు న్యాయాలున్నాయి కదా, కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుంటుంది, పిల్లికూనని తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. ఈయనది అచ్చంగా పిల్లికూన దారి. నామం కూడా ముక్తి కోసం చేసే పని కాదట, దొరికినదానికి కృతజ్ఞతట. బౌద్ధంలో భక్తి ఏమిటి అని ముఖం చిట్లించేవాళ్ళు జపాన్‌లో అతిపెద్ద బౌద్ధ సంప్రదాయాల్లో ఇదొకటని గమనించాలి.

నాగార్జునుడు శాతవాహన రాజుకి రాశాడని సంప్రదాయం చెప్పే రత్నావళి చదివినప్పుడు నాకు నవ్వూ ఆశ్చర్యమూ రెండూ కలిగాయి. శూన్యవాదం రాసిన చేత్తోనే రాజుకి ఏం చెప్పాడంటే, రోగులకీ అనాథలకీ ఆసరా ఇవ్వు, బాటసారులకి నీడా నీళ్ళూ ఏర్పాటు చెయ్, చీమల పుట్టల దగ్గర తిండి పెట్టించు, ఖైదీలని విడుదల చేసేదాకా వాళ్ళకి మంగలినీ, స్నానాన్నీ, అన్నాన్నీ, మందునీ, బట్టలనీ ఏర్పాటు చెయ్ అని. జైల్లో మంగలి! బోధిసత్వుడి మార్గంలో ఆరు పారమితలు, అందులో ధ్యానం అయిదోది. దానం, శీలం, ఓర్పు, పట్టుదల దాటాక గానీ రాదు. రాజ్యం చేసేవాడికి అతని దారి అతని ఖజానాలోంచీ జైళ్ళలోంచీ వెళ్తుంది మరి.

ఈ దానం దారిని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే నేను చాంతిసిరిని గుర్తు చేస్తాను. 3వ శతాబ్దం, విజయపురి, ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉన్న ఊరు. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు. ఆయన అశ్వమేధం చేసిన వైదికుడు, మహాసేనుడి (కుమారస్వామి) భక్తుడు. ఈవిడ మాత్రం నాగార్జునకొండ మహాచైత్యానికి ప్రధాన దాత. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో వేయించిన ఆయక స్తంభాల (చైత్యం నాలుగు వైపులా నిలబెట్టే స్తంభాల) శాసనాల్లో తన వంశం మేలూ, లోకం మేలూ చెప్పి, తనకి నిర్వాణ సంపద దక్కాలి అని కూడా సూటిగా చెప్పుకుంది. పుణ్యం వస్తుంది, వచ్చే జన్మ బాగుంటుంది అని ఆగలేదు. ఒక స్తంభం నిలబెట్టి నిర్వాణం అడిగింది. అక్కడి అపరమహావినసేలియ అనే శాఖ భిక్షువులు కూడా, అమ్మా ముందు వెళ్ళి ధ్యానం చేసిరా అనలేదు, చైత్యం కట్టించుకున్నారు, శాసనంలో తమ పేరుండనిచ్చారు. ఆవిడ ఒక్కతే కాదు, అమరావతి నుంచి నాగార్జునకొండ దాకా శాసనాల్లో ఆడవాళ్ళ పేర్లు కోకొల్లలు, గృహిణులూ భిక్షుణులూ రాణులూ, ఒకరు పలక, ఒకరు స్తంభం. వాళ్ళకి సత్యం ఎంతవరకు తెలిసిందో నాకెలా తెలుస్తుంది? కానీ మన నేల మీద బౌద్ధం వందల ఏళ్ళు నిలబడింది వాళ్ళ చేతుల మీద, గుహల్లో కళ్ళు మూసుకున్నవాళ్ళు కూడా వాళ్ళు పెట్టిన అన్నమే తిన్నారు.

చూడాలనుకుంటే ఆనకట్ట నీళ్ళు నిండకముందే 1954 నుంచి 1960 దాకా తవ్వి, మునిగిపోకుండా కొండ మీదికి తరలించి తిరిగి నిలబెట్టినవాటిలో ఆ మహాచైత్యం కూడా ఉంది. ఇప్పుడది నీళ్ళ మధ్య ద్వీపం. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్ళాలి, మ్యూజియంకి శుక్రవారం సెలవు. లాంచీ మనుషులు నిండితే గానీ కదలదు కాబట్టి ఆదివారం అయితే మేలు, నీళ్ళ బాటిల్ మాత్రం మర్చిపోకండి, పైన ఎండ మామూలుగా ఉండదు.